నేనే

తలుపు తట్టిన చప్పుడుకి ఏడేళ్ళ పిల్ల చేతిలోని గ్లాసు జారిపోయింది.

అమ్మ అయితే తట్టదు. బాదుతుంది. అసలు తలుపుదాకా రానక్కర్లేదు. పిండిమరలో మరతో పోటీపడి అరిచే గొంతు కదా, మెట్లెక్కుతుండగానే మూడో అంతస్తుదాకా వినిపిస్తుంది.

పైగా అమ్మ ఇప్పుడప్పుడే రాదు. మర ఆపేశాక బడికి వచ్చి కలవమందట టీచరు. “ఏం ఘనకార్యం వెలగబెట్టావో, రానీ, నీ సంగతి చెప్తా” అని పొద్దున్నే వాయించి వెళ్ళింది. వెళ్తూ రోజూ పాడే పాటే పాడింది. “ఇంటికొచ్చాక గడియ పెట్టుకో. ‘నేనే’ అని ఎవరైనా అంటారు. నా గొంతయితేనే తియ్యి.”

మళ్ళీ తట్టారు. ఈసారి ఇంకా మెల్లగా.

“నేనేరా బంగారం. తలుపు తియ్యమ్మా.”

తలుపుదాకా వచ్చిన పిల్ల అక్కడే ఆగిపోయింది. ఈ ఇంట్లో దాన్ని మొద్దు అంటారు, దెయ్యం అంటారు. బంగారం అన్నవాళ్ళు లేరు.

“భయమేస్తోందా? చెప్పు, వింటాను. నిన్నేమీ అనను.”

ఆ గొంతు పెద్దవాళ్ళ ఎత్తునుంచి రావడం లేదు. గడియ కిందనుంచి, సరిగ్గా దాని చెవి దగ్గరే వినిపిస్తోంది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

“సరే, నువ్వే చెప్పు. ఇప్పుడే తీస్తావా, కాసేపాగి తీస్తావా? నీ ఇష్టం. నేనిక్కడే కూర్చుంటాను.”

ఇక్కడే కూర్చుంటుందట! పిల్లకి పైప్రాణాలు పైనే పోయాయి.

వంటింటి కిటికీకి ఊచలు లేవు. దాని కింద గోడకి సన్నటి అంచు ఉంది. దానిమీద నడిస్తే పక్కింటి బాల్కనీ. పిల్ల స్టూలు బరబరా లాక్కుని ఎక్కింది. ఒక కాలు బయట పెట్టింది. కింద వీధి గిర్రున తిరిగింది.

స్టూలు చప్పుడు తలుపు అవతలికి వినిపించినట్టుంది.

“ఒసేయ్ మొద్దూ! కిటికీ ఎక్కుతున్నావా? దిగు! దిగకపోయావో, కాళ్ళు విరగ్గొడతా!”

మెట్లన్నీ అదిరిపోయాయి.

అమ్మ!

పిల్లకి పోయిన ప్రాణం లేచొచ్చింది. లోపలికి ఒక్క దూకు దూకి, పరిగెత్తి గడియ తీసింది. అమ్మ మెడని కరుచుకుపోయింది. పిండి వాసన. ఎంత హాయిగా ఉందో! కాసేపటికి తలెత్తి, అమ్మ భుజం మీదుగా మెట్లవైపు బెదురుగా చూసింది.

“ఆవిడ వెళ్ళిపోయిందా అమ్మా?”

“ఏ ఆవిడే?”

“నన్ను బంగారం అందే, ఆవిడ.”

టీచరు చెప్పి పంపినట్టే గడప ముందు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్న అమ్మ, దాని చెవిలో మెత్తగా, “నేనేరా” అంది.