నిర్దోషి అని తేల్చిన కాగితం

నోటీసు బోర్డు మీద, సెలవుల జాబితా పక్కన, ఆ కాగితం ఉంది. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చారు.

ఆ మందుల ఫ్యాక్టరీలో మాత్రల స్ట్రిప్పులు కత్తిరించే మెషిన్ ఆమెది. పదకొండేళ్లుగా ఆమెదే. ఆమె ఏ తప్పూ చేయలేదని కాగితంలో రాశారు.

అక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

"లాకర్‌లో దొరికిన మాత్రలు ఫ్యాక్టరీవి కావు. మానసిక వ్యాధికి నాలుగేళ్లుగా ఆమె వాడుతున్న సొంత మందులు. కాబట్టి సిబ్బంది పుకార్లు మానాలి." కింద హెచ్‌ఆర్ మేనేజర్ సంతకం, ముద్ర.

ఆ నాలుగేళ్ల సంగతి ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు.

మొదట తొమ్మిది స్ట్రిప్పులు లెక్కకు తక్కువ వచ్చాయి. లాకర్లన్నీ వెతికారు. ఆమె లాకర్‌లోని సంచిలో అదే మందు, సగం వాడిన స్ట్రిప్పు కనిపించింది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా దొంగ దొరికిపోయిందని ఫ్యాక్టరీ అంతా తేల్చేసింది.

పక్క బల్ల ఆవిడను అందరూ రేడియో అంటారు. ఆ మాట ముందు మొదలుపెట్టింది ఆవిడే.

ఆమె ఊరుకునే రకం కాదు. క్యాంటీన్‌లో అందరి ముందూ రేడియోను కడిగిపారేసింది. రేడియో కూడా తక్కువ తినలేదు. ఇద్దరూ గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకున్నారు. ఆ పూట ఆమె కడుపునిండా తింది.

విచారణ గదిలో స్ట్రిప్పు వెనక ఉన్న బ్యాచ్ నంబరు చూపించింది. మందు అదే, కంపెనీ వేరు. నిజానికి అంతే చాలు.

మేనేజర్ మాత్రం డాక్టర్ చీటీ కూడా కావాలన్నాడు.

"ఈ నాలుగు గోడలు దాటదమ్మా," అన్నాడు. నమ్మి ఇచ్చింది.

మర్నాడు తొమ్మిది స్ట్రిప్పులూ మెషిన్ కింది ట్రేలో దొరికాయి. మేనేజర్ మహానుభావుడు ఆ కాగితం అంటించి ఆమె పరువు నిలబెడదామనుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇప్పుడామెను ఎవరూ దొంగ అనడం లేదు. అసలెవరూ ఏమీ అనడం లేదు.

బల్ల మీద కత్తెర కనిపించకపోతే అడిగింది. అది రేడియో డ్రాయర్‌లో ఉంది.

"ఏం కత్తిరించాలో చెప్పొదినా, నేను చేసిపెడతా," అంది రేడియో, పసిపిల్లను బుజ్జగిస్తున్నట్టు.

సాయంత్రంలోగా సూపర్‌వైజర్ ఆమెను మెషిన్ దగ్గర్నుంచి తీసి లేబుళ్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ బ్లేడు ఉండదు.

ఎందుకని గట్టిగా అడిగింది. సెక్షన్‌లో అందరూ చేతుల్లో పని ఆపి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రేడియో సైతం ఎదురు చెప్పలేదు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బోర్డు మీది కాగితాన్ని పిన్నులతో సహా పీకి, తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద కొట్టింది.

"నా రోగం పదిమందికీ చాటమని మిమ్మల్ని ఎవరడిగారు? దొంగ అన్నప్పుడే నయం. నాతో పోట్లాడేవాళ్లు."

మేనేజర్‌కు కోపం రాలేదు. లేచి వెళ్లి, మూసి ఉన్న తలుపు బార్లా తెరిచాడు. వెనక్కి వచ్చి మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"అలాగేనమ్మా. ముందు కూర్చోండి," అన్నాడు ఎంతో నెమ్మదిగా. "ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

గుమ్మం బయట అప్పటికే నలుగురు చేరారు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నవ్వు తెచ్చుకుని, వేసుకున్నానండీ అని చెప్పింది.