ఊపిరి పరీక్ష

“ఆగు బిడ్డా. కొంచెం దమ్ము తీసుకో.”

మెట్ల మొదటి మలుపులోనే వామన్‌రావు కూతురిని ఆపేశాడు. అఫ్జల్‌గంజ్‌లోని ఆ ఊపిరితిత్తుల డాక్టర్ క్లినిక్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ పనిచేయడం లేదు.

“నాకేం ఆయాసం రాలే బాపూ,” అంది అభిజ్ఞ.

“వచ్చినంక ఆగుతరా? రాకముందే ఆగాలె.”

ఇరవై ఏళ్లుగా ఇదే వరస. అభిజ్ఞకు ఉబ్బసమని బాపు ఇంటిల్లిపాదికీ చెప్పినప్పుడు ఆమెకు మూడేళ్లు. అప్పటినుంచి యాకుత్‌పురాలోని ఆ ఇంట్లో కిటికీలు మూసే ఉంటాయి. దుమ్ము పడదని డాబా ఎక్కనివ్వలేదు. పతంగులను అద్దంలోంచే చూసింది. ఈత మాటెత్తితే లొల్లి. కాలేజీకి కూడా బాపు వెంట వచ్చేవాడు, అడుగడుక్కీ ఆపుతూ. స్నేహితురాళ్లు నవ్వీ నవ్వీ విసిగిపోయారు.

ఏటా మృగశిర నాడు ఉబ్బసానికిచ్చే చేపమందు క్యూలో నిలబెట్టేవాడు. చేప తినరు కాబట్టి వాళ్లకు బెల్లంలో పెట్టి ఇచ్చేవారు. పిల్ల భయపడుతుందని తానూ ఓ ఉండ మింగేవాడు. అంత ప్రేమను ఏమని తిడుతుంది? తిట్టలేకే ఆమె ఇరుక్కుపోయింది.

వామన్‌రావుది గుడి కొలువు. పొద్దున్నే సహస్రనామం ఆయన గొంతులో మోగాల్సిందే. దమ్ము చాలక గొంతు తడబడుతోందని ఆయన అన్నగారి పూజ వంతును ఊడబెరికి వేరొకరికి ఇచ్చేసిన గుడి అది. అంత హడావిడిలోనూ కూతురి మందు మాత్రం మరిచేవాడు కాదు. పిల్లను తిప్పడమెందుకని డాక్టర్ దగ్గరికి ఒక్కడే వెళ్లి నెలనెలా తెచ్చేవాడు. ఆయాసం వస్తే పీల్చే పంపు కూడా తన లాల్చీ జేబులోనే. పిల్ల ఎక్కడైనా పారేసుకుంటుందట.

అభిజ్ఞకేమో చేపల పిచ్చి. సంతోష్‌నగర్‌లో అక్వేరియం దుకాణం గాజుకు ముక్కు ఆనించి ఫొటోలు తీసి నెట్‌లో పెట్టేది. వాటిని ఫోన్లో చూసి కృపాకర్ కబురు పెట్టాడు. ఆయన అండమాన్‌లో సముద్రం అడుగున జీవాలను ఫొటోలు తీస్తాడు. ‘అసిస్టెంటుగా రామ్మా, డైవింగ్ నేర్పిస్తాను. ఉబ్బసం ఉంటే మాత్రం నీళ్లలోకి దించం. సోమవారంలోగా డాక్టర్ సర్టిఫికెట్ పంపించు.’

చదివి సంతోషంతో ఏడ్చింది. ఉబ్బసం సంగతి గుర్తొచ్చి మళ్లీ ఏడ్చింది.

మెట్ల రెండో మలుపులో బాపు మళ్లీ ఆపి చెయ్యి పట్టుకున్నాడు.

“ఆ నీళ్లు, ఆ చేపలు మనకెందుకమ్మా? నీ పాణం గురించే నా ఫికరంత.”

“నాకిక్కడనే ఊపిరాడుతలేదు బాపూ!”

విసురుగా చెయ్యి విడిపించుకుంది. డాక్టర్‌కు చూపించాలంటూ ఆయన జేబులోంచి పంపు లాక్కుంది. మిగతా మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కేసింది. వెనకనుంచి “అభీ, ఆగు” అని ఒకసారి వినిపించింది. రెండోసారి వినిపించలేదు.

డాక్టరమ్మ గొట్టంలోకి ఊదమంది. మళ్లీ ఊదమంది. ఛాతీ మీద, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి ఉబ్బసం పిల్లికూతల కోసం చాలాసేపు వెతికింది. పరీక్షల్లో కూడా అభిజ్ఞ ఇంతగా వణికింది లేదు.

“మెట్లు పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నారు?”

“అవును మేడమ్. తప్పయిందా?”

“ఒక్క పిల్లికూత కూడా లేదు. ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా మీకు?”

“రాలే మేడమ్. బాపు రానియ్యలే.”

డాక్టరమ్మ నవ్వింది. “నాన్నగారు వద్దంటే ఆగే జబ్బు కాదమ్మా ఇది. నన్నడిగితే మీకు ఉబ్బసం ఎప్పుడూ లేదు. నిక్షేపంగా సముద్రంలోకి దిగండి.”

సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేసింది.

అభిజ్ఞకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. ఎక్కని డాబా, నేర్చుకోని ఈత గుర్తొచ్చాయి. సరిగ్గా అప్పుడే వామన్‌రావు తలుపు దగ్గరికి చేరాడు.

“నాకేం లేదట బాపూ! లేని రోగం అంటగట్టి ఇరవై ఏండ్లు ఇంట్ల కట్టేసినవ్. రోజూ దేవుని ముంగట నిలవడేటోనివి, గింత అబద్ధం ఎట్లాడినవ్? ఎవల కోసం ఆడినవ్?”

వామన్‌రావు తలుపు పట్టుకుని జవాబు చెప్పబోయాడు. డాక్టరమ్మ అంతసేపూ అభిజ్ఞ ఛాతీలో వెతికిన పిల్లికూతలు ఆయన ఛాతీలోంచి గది అంతటా వినిపించాయి.