వరండాలో విన్నాయన

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాడే గాని, జక్రయ్య మనసు మనసులో లేదు.

మిరప తోటకి మందు కొట్టమని తమ్ముణ్ని పంపింది తనే. గాలికి ఎదురు కొట్టాడో ఏమో, వాడు గట్టు మీదే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు.

అప్పట్నుంచీ జక్రయ్యకి తిండి లేదు, నిద్ర లేదు. మిగిలిన మందు డబ్బా ముందేసుకుని కూర్చుంటున్నాడని భార్య లిడియా హడలిపోయి గుంటూరు బస్సెక్కించింది.

"కౌన్సిలర్ దగ్గర సూదులుండవు, నీతులుండవు. నువ్వు చెప్తావు, వాళ్లు వింటారు. అంతే," అంది ఊళ్లో ఆశా వర్కరు.

ఊరికే వినేదానికి ఇంత దూరం రావాలా? జక్రయ్యకి ఒళ్లు మండింది.

పక్కన తెల్లచొక్కా పెద్దాయన కూర్చునున్నాడు.

"ఏం కష్టం నాయనా?"

ఓహో, ఈయనే కాబోలు. జక్రయ్య అంతా వెళ్లగక్కాడు. తమ్ముడి సంగతి, డబ్బా సంగతి, తనూ పోదామనుకున్న సంగతి.

మధ్యలో నర్సు తొంగిచూసింది. పెద్దాయన ఆగమన్నట్టు చెయ్యూపాడు. ఆవిడ కిక్కురుమనకుండా లోపలికెళ్లిపోయింది. అబ్బో, పెద్ద ఆఫీసరే అనుకున్నాడు జక్రయ్య.

"నేనే చంపానండీ వాణ్ని."

పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. "తమ్ముడి పేరేంటి?" అన్నాడు.

"మార్క్ అండి," అని గొల్లుమన్నాడు జక్రయ్య. తమ్ముడు పోయాక ఏడవడం అదే మొదలు.

ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు పెద్దాయన.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?"

"ముందు ఇంటికెళ్లి అన్నం తిను."

జక్రయ్య తిన్నాడు. నిద్రపోయాడు. డబ్బా తెచ్చి లిడియా చేతిలో పెట్టాడు.

నెల తిరిగాక, కొత్త మిరపకాయలు సంచికెత్తుకుని మళ్లీ ఆసుపత్రికొచ్చాడు.

"సారుకివ్వాలమ్మా. తెల్లచొక్కా, నెరిసిన గడ్డం. ఈ బల్ల మీదే కూర్చుని మాట్లాడారు."

నర్సు మొహం వాడిపోయింది.

"హుస్సేన్ సాహెబ్ గారా? ఆయన లేరండి. ఆ రాత్రే ప్రాణం తీసుకున్నారు."

జక్రయ్యకి బాధ వెనకాలే కోపమూ వచ్చింది.

"ఇంతమందిని నిలబెట్టే కౌన్సిలర్ సారు, తనే అట్టా చేస్తే ఎట్టాగమ్మా?"

"కౌన్సిలర్ సఫూరా మేడమ్ అండి," అంది నర్సు నెమ్మదిగా. "ఆయన మేడమ్‌కి తన గోడు చెప్పుకోడానికొచ్చి, మీ మాట మధ్యలో ఆపలేక తన వంతు వదిలేసుకున్న పేషెంటు."