అంచు ముక్క

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అంటారు. దర్జీ కొట్టు మీది గదిలో ప్రతి ఆదివారం చేరేవాళ్ళది పాత రైలు ఫొటోల పిచ్చి.

పది మంది ఉంటారు. తలా ఒక ఫొటో తెచ్చి బల్ల మీద పరిచి, చక్రాలెన్ని, పొగగొట్టం పొట్టిదా పొడుగుదా అని ఆస్తి పంపకాలంత పట్టుదలగా వాదించుకుంటారు.

గది దర్జీది. కత్తెరా దర్జీదే.

ఫొటోలో ఇంజను తప్ప ఇంకేం కనిపించినా ఆయనకి కంట్లో నలుసు పడ్డట్టే. అంచున మనుషులు నిలబడి ఉంటే కరకరా కత్తిరించేస్తాడు.

"ఇంజను నిండుగా కనపడాలి. మధ్యలో ఈ జనమెందుకు?" అంటాడు. అందరూ అవునవునంటారు.

ఆ ఆదివారం పదిహేడో నంబరు ఇంజను ఫొటోకి కూడా అదే మర్యాద చేసి, ముక్కని బుట్టలో వేయబోయాడు.

"పారెయ్యకు నాయనా. నాకిస్తావా?"

వెనక బెంచీ మీది ముసలాయన. ఆర్నెల్లుగా వస్తున్నాడు. ఫొటో తేడు, వాదించడు. కత్తిరించిన ముక్కలన్నీ ఏరుకుని బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటాడు. అందుకే ముక్కల తాత అని పేరు పెట్టారు.

దర్జీ ఇచ్చాడు. ముసలాయన దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరు తాతా, మీవాళ్ళా?" అంది టీ తెచ్చిన దర్జీ భార్య.

"ఎక్కడో చూసినట్టే ఉందమ్మా."

"మసి కొట్టుకుంటే అందరూ ఒకేలా ఉంటారులే."

ముసలాయన భుజాలు కదిలేట్టు నవ్వాడు.

ఆ పై ఆదివారం లెక్కల మాస్టారు రొప్పుతూ మెట్లెక్కొచ్చాడు.

"రైల్వే యార్డు మూలనున్న పాత ఇంజన్ని నెలాఖరుకి కోసేసి ఇనుము కింద అమ్మేస్తారట."

దర్జీ కత్తెర కింద పెట్టేశాడు. "అది పదిహేడో నంబరు కదండీ. ఈ ఊరికి మొదటి రైలు లాక్కొచ్చింది అదే కదా."

"ఆ మాట మనం అంటే సరిపోదు. నంబరు పలక ఎప్పుడో ఊడిపోయింది. అలాంటివి అప్పట్లో ఇరవై ఉండేవి. ఇది అదేనని రుజువు తెస్తే స్టేషను ముందు నిలబెడతానన్నాడు రైల్వే ఆఫీసరు. లేదంటే గ్యాసు మంటతో కోతే."

అందరూ ఫొటో మీదికి వంగారు. ముందు భాగంలో పదిహేడు అంకె స్పష్టంగా ఉంది. ఏం లాభం? కవలపిల్లల్లో ఏ పిల్లో చెప్పడానికి పుట్టుమచ్చ కావాలిగా.

"డ్రైవరెక్కే మెట్టు వంకరగా ఉంటుంది దానికి" అన్నాడు వెనకనుంచి ముసలాయన.

"ఉంది, నిన్న చూశాను" అన్నాడు మాస్టారు. "కానీ తాతగారూ, ఈ ఫొటోలో మెట్టే లేదుగా."

"ఉండేది. ముక్కలో ఉంది. ఇంట్లో పెట్టాను."

దర్జీకి రోషం వచ్చింది. "నేను కోసింది మనిషిని తాతా, మెట్టుని కాదు. ఆ మాత్రం కళ్ళు లేవా నాకు?"

అందరూ నవ్వారు.

"వచ్చే వారం తెస్తాలే నాయనా" అని ముసలాయన రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళాడు.

వచ్చే వారం ఆయన రాలేదు.

"ముక్కల తాత రాలేదేం?" అంది దర్జీ భార్య. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మరుసటి ఆదివారం. నెలాఖరుకి ఇంకా రెండు రోజులే ఉంది. ఎవరో ఒకావిడ బిస్కెట్ల డబ్బా పట్టుకుని పైకొచ్చింది.

"మా పక్క గది పెద్దాయన కిందటి ఆదివారానికి ముందే, బుధవారం, నిద్రలోనే పోయారు. దీని మీద మీ కొట్టు పేరు రాసి పెట్టారు."

దర్జీ డబ్బా అందుకుని బల్ల మీద పెట్టాడు.

"ఆయనకెవరూ లేరా అమ్మా?" అన్నాడు దర్జీ.

"లేరు. ఏడాదిగా అద్దెకుంటున్నారు. పొద్దున రైలు కూత వినపడితే గడియారం చూసుకునేవారు. ఐదు నిమిషాలు ఆలస్యమైందో, ఆ పూటంతా మొహం మాడ్చుకునేవారు. అంతకుమించి నాకేం తెలీదు."

డబ్బా మూత తీశారు. అన్నిటికంటే పైన ఆ ముక్కే.

దర్జీ దాన్ని ఫొటో అంచుకి చేర్చాడు. కుట్టినట్టు అతికింది. మసి మొహం కుర్రాడొకడు నవ్వుతూ నిలబడ్డాడు. వాడి బూటు కింద మెట్టు, వంకరగా.

"వేల గజాల గుడ్డ కత్తిరించాను. ఎప్పుడూ ఇంత తప్పు కోయలేదు" అన్నాడు దర్జీ, తనలో తనే.

మర్నాడే ఆఫీసరు దగ్గరికి పరిగెత్తారు. ఆయన భూతద్దం తీసుకుని యార్డుకి తానే వచ్చాడు. మెట్టు చూశాడు, ముక్క చూశాడు, మళ్ళీ మెట్టు చూశాడు.

"ఇదే" అన్నాడు. "కోత ఆపేస్తున్నాం. రంగేయించి స్టేషను ముందు పెడదాం. పక్కన ఈ ఫొటో పెద్దది చేయించి తగిలిద్దాం. ఈ కుర్రాడెవరో తెలిస్తే పేరూ రాద్దాం."

"ఊరంతా గాలించైనా కనుక్కుంటాం సార్" అన్నాడు దర్జీ.

సాయంత్రం ఫొటో అతికించడానికి కూర్చున్నాడు. భార్య జిగురు సీసా తెచ్చింది.

"ముందా కత్తెర ఇలా ఇవ్వండి" అంది.

ఇచ్చేశాడు. మళ్ళీ ఏ ఫొటో మీదా అది ఆడలేదు.

జిగురు రాద్దామని ముక్కని వెనక్కి తిప్పాడు. పెన్సిలుతో, వణికే అక్షరాలతో రాసి ఉంది:

"ఈ ఊరికి మొదటి రైలు. పదిహేడో నంబరు. నడిపింది నేను."