పచ్చగా వెలిగిన పురిటి వార్డు

ఆ రోజుల్లో ప్రభుత్వాసుపత్రి నడిపే ప్రతి అధికారీ నెలనెలా డిజిటల్ నైపుణ్యాల పరీక్ష పాసవ్వాల్సిందే. సూపరింటెండెంట్ డాక్టర్ హైమవతి పరీక్ష హాలుకు వెళ్తూ పురిటి వార్డులో ఆగింది. మరుగుదొడ్డి పొంగి, మురుగు మంచాల కిందికి పారుతోంది.

"పచ్చి బాలింత కాలెక్కడ మోపుతాదమ్మా?" అని ఓ ముసలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది.

హాల్లో గోడంత తెర మీద అదే వార్డు పచ్చగా వెలుగుతోంది. శుభ్రతకు నూటికి తొంభై ఎనిమిది మార్కులు!

"అక్కడ మురుగు పారుతోంది," అంది హైమవతి.

"సెన్సర్లు బాగుందంటున్నాయి మేడమ్. ఫిర్యాదు వస్తే 'పరిష్కరించాం' అని నొక్కడమే ఈరోజు పరీక్ష," అన్నాడు శిక్షణ ఇచ్చే కిరీటి.

మిగతా అధికారులంతా నొక్కేశారు. ఒకాయన నొక్కి, సమోసా అందుకున్నాడు.

హైమవతి లేచి వెళ్లి, బాలింతలను బిడ్డలతో సహా ఆ హాల్లోకే తరలించుకొచ్చింది.

"మేడమ్, పరీక్ష జరుగుతోంది!"

"ఆ వార్డులో పెట్టుకో బాబూ. శుభ్రంగానే ఉందన్నావుగా."

అధికారులు ముఖాలు చిట్లించి కుర్చీలు ఖాళీ చేశారు. తెర మీద ఆమె పేరు పక్కన 'ఫెయిల్' అని పడింది. హైమవతి ఆ తెర ప్లగ్గు పీకేసి, నెలలు నిండని బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె ప్లగ్గును అక్కడ తగిలించింది.