ఎనిమిది కిటికీలు

ఇంజనీరు ఆ ఇంటి వరండాలో ప్లాన్ పరుచుకుని కూర్చుని అరగంటయింది. సంతకం మాత్రం పడలేదు.

పక్క స్థలంలో వృద్ధుల నివాసం కడుతున్నారు. మొదటి ప్లాన్‌లో ఇటువైపు మెట్లూ, స్టోర్ రూములూ ఉండేవి. పెద్దవాళ్లకు కాస్త ఎండ తగలాలని గదుల్ని ఇటు మార్చాడు ఇంజనీరు. మార్చిన పాపానికి మేడ మీది ఎనిమిది కిటికీలు ఈ ఇంటి వెనక గదివైపు తిరిగాయి. మా ఇంట్లోకి తొంగిచూస్తారంటూ ఇంటాయన మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టేశాడు. సాయంత్రంలోగా దాన్ని వెనక్కి తీసుకోకపోతే పనులు ఆగిపోతాయి. ఆగితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదని నివాసం కట్టిస్తున్న యజమాని పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇంజనీరు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే.

ఇంటాయన మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, కాఫీ ఇప్పించాడు. ఒక్క మెట్టు దిగితే ఒట్టు. మసక అద్దాలు పెడతానంటే, తెరిస్తే కనబడుతుందిగా అన్నాడు. కిటికీలు ఎత్తులో పెడతానంటే, కుర్చీ ఎక్కి చూస్తారన్నాడు. ఎనభయ్యేళ్లవాళ్లు కుర్చీలెక్కుతారా అన్న మాట ఇంజనీరు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"మా కోసం కాదండీ. నేనూ మా ఆవిడా పొద్దున పోతే చీకటిపడితేగానీ రాం. ఇంట్లో ఉండేది అమ్మ. కొత్తవాళ్లు చూస్తే ఆవిడకు బెరుకు. వాళ్లకేమో పనీపాటా ఉండదు, పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూచుంటారు."

తల్లి కోసం ఇంత పట్టుబట్టే కొడుకు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? అప్పటిదాకా లోలోపల పళ్లు నూరుతున్న ఇంజనీరు మెత్తబడిపోయాడు. పెన్ను తీసి ఎనిమిది కిటికీలూ కొట్టేశాడు. ఇటువైపంతా నిండు గోడ. గదుల్లోకి కారిడార్ వైపు నుంచి ఎంత వెలుతురు వస్తే అంతే.

ఇల్లు తల్లి పేరు మీద ఉంది, అర్జీ కూడా ఆవిడ పేరుతోనే పెట్టారు కాబట్టి, వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం ఆవిడే పెట్టాలి. కొడుకు పిలిస్తే వచ్చింది. గుప్పెడంత మనిషి. ప్లాన్ మీదకు వంగి చాలాసేపు చూసింది.

"ఈ కిటికీల్లో ఎవరుంటారు నాయనా?"

"మీ వయసువాళ్లేనమ్మా."

"మా వెనక గదిలోంచి కేకేస్తే వాళ్లకు వినపడుతుందా?"

తన మాటలు అటు వినపడతాయేమోనని పెద్దావిడ భయం కాబోలనుకున్నాడు ఇంజనీరు. ధైర్యం చెప్పకపోతే ఎలా?

"అస్సలు వినపడదమ్మా. కిటికీలన్నీ తీసేశాను. తొమ్మిదంగుళాల గోడ. మీరెంత గట్టిగా పిలిచినా అటు ఒక్కరికీ తెలీదు. నిశ్చింతగా ఉండండి."

కొడుకు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి లోపలికి వెళ్లిపోయింది.

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. కారులో కూర్చుని యజమానికి ఫోన్ చేశాడు. పని అయిపోయిందండీ, పాపం పెద్దావిడ చాలా మంచిదండీ అని చెబుతూ తలెత్తి ఆ ఇంటివైపు చూశాడు.

తల్లి లోపల ఉండగానే, కొడుకు వీధి తలుపుకు బయట తాళం వేసి, పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకు బయల్దేరాడు.