కనబడని చుక్క

“ఈవిడే చివరి మనిషి. ఇవాళ కూడా ఏమీ తేలకపోతే నీ పరిశోధనకు నీళ్లొదిలేద్దాం,” అన్నారు ప్రొఫెసరుగారు.

చిట్టి ఆయన దగ్గర పరిశోధక విద్యార్థిని. కంప్యూటర్ తెర మీద ఆరు పెట్టెలుంటాయి. ఒక్కదాంట్లోనే పిట్ట ఉంటుంది. ఆ పెట్టె మీద ఓ చుక్క మెరుస్తుంది, కంటికి ఆననంత వేగంగా. కన్ను చూడకపోయినా మనసు పట్టుకుంటుందని చిట్టి నమ్మకం. ఇప్పటిదాకా ఒక్కరి మనసైనా పట్టుకుంటే ఒట్టు! మనుషులు దొరక్క, కుట్టుమిషన్ దగ్గర్నుంచి పిన్నిని లాక్కొచ్చింది.

“తప్పు నొక్కితే పేలదు కదే?” అంది పిన్ని, మౌస్‌ను రెండు వేళ్లతో పట్టుకుని.

“పేలదు పిన్నీ. నీకేది తోస్తే అది నొక్కు.”

సరైన పెట్టె ఏదో ముందే చూపించే రెండో తెర ముందు, పిన్ని వెనకాలే కూర్చుంది చిట్టి. ఆత్రం పట్టలేక ఊగుతుంటే పాత కుర్చీ కిర్రుకిర్రుమంటోంది.

పిన్ని బాణం గుర్తును పెట్టెల మీద మెల్లగా తిప్పి ఒకటి నొక్కింది. పిట్ట! ఇంకోసారి నొక్కింది. మళ్లీ పిట్ట! ఒక్కటీ తప్పలేదు.

“పని చేసింది సార్!” చిట్టి ఎగిరి గంతేసింది.

ప్రొఫెసరుగారు వచ్చి కంప్యూటర్ పరిశీలించారు. “ఏం పని చేసిందమ్మా? చుక్కను ఆన్ చెయ్యడమే మర్చిపోయావు!”

చిట్టి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. “చుక్క లేకుండానే దొరికాయా? అయితే ఇక మూసేయడమేనా సార్?”

“కాసేపు బయట నిలబడు.”

తలుపు వెనక నుంచి పిన్ని గొంతు వినబడింది. “అయ్యో, తప్పు! ఇదీ తప్పే!” తర్వాత ఆయన చిట్టిని లోపలికి పిలిచి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు. మళ్లీ పిట్టలే పిట్టలు.

ప్రొఫెసరుగారు చిట్టి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. “సూచన ఇస్తున్నది తెర కాదు, నువ్వు. బాణం సరైన పెట్టె మీదికి రాగానే బిగుసుకుపోతున్నావు. నీ కుర్చీ కిర్రుమనడం ఆగిపోతోంది. ఆ సంగతి గమనించే ఆవిడ నొక్కి ఉంటే ఇందులో వింతేం లేదు, మూసేయాల్సిందే. తనకే తెలియకుండా నొక్కి ఉంటే మాత్రం మనసు పట్టుకుందన్నమాటే, నువ్వు గెలిచినట్టే.”

చిట్టి పిన్ని వైపు తిరిగింది. “పిన్నీ, నా కుర్చీ చప్పుడును బట్టి నొక్కావా?”

“కుర్చీకి చప్పుడెక్కడిదే? మా మిషన్ గోల లేక గది ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకుంటున్నా!”